ఊకపఱపు

నిస్సారమైన ప్రసంగమును ఊకదంపుడనుట మనకు పరిపాటి. ఎంత దంచినను గింజ రాలని దానిని దంచుట వృథాశ్రమ గనుక ఆ పలుకుబడి న్యాయమైనదే. కాని రోటికి కొఱగాని ఆ తుషమే, పెరటిలో నాలుగు పెట్టలను ఒక పుంజును సాకుకొను గృహస్థునకు ఎంతటి ఉపకారియో ఎఱిగినవారు, ఆ మాట వినబడినప్పుడెల్ల ఊక పక్షమున కొంత నొచ్చుకొనక మానరు. తన కోడియు కుంపటియు లేనిదే ఊరికి తెల్లవారదని నమ్మిన సామెతలోని ముసలమ్మ ఇంట, కుంపటిలో రాజినదియు, కోడి క్రింద పఱచినదియు ఊకయే అయి యుండునని నా తలంపు.

గూటికి పఱపు ఏల యను ప్రశ్నకు సమాధానము అడవిలో నున్నది. మన పెరటికోళ్ళకు పూర్వజమైన ఎఱ్ఱ అడవికోడి, గోదావరికి ఉత్తరపు కొండలలో, నేటికిని వెదురుపొదల నీడను రాలిన ఆకులను కాళ్ళతో చిమ్ముచు, చెదలను గింజలను ఏరుకొని బ్రతుకుచున్నది. దాని రెట్ట పడినచోటనే ఆకులలో కలిసి మాగిపోవును. కోడియు మరల అక్కడనే నిలువదు. అట్టి ప్రాణిని తెచ్చి నాలుగు గోడల నడుమ రాత్రియెల్ల మూసి యుంచినవాడు, తాను తొలగించిన ఆకునేలకు మాఱుగ ఏదో యొకటి దాని కాళ్ళ క్రింద పఱవవలసినవాడే.

కోడికి వేఱుగ మూత్రవిసర్జనము లేదు. రెట్టపై కానవచ్చు తెల్లని పూతయే దాని మూత్రము. పచ్చిరెట్టలో ఇంచుమించు నాలుగింట మూడుపాళ్ళు నీరు. ఆ తడి నిలిచిపోయిన యెడల సూక్ష్మజీవులు తెల్లని పూతను అమ్మోనియా వాయువుగ మార్చును. తెల్లవారి తలుపు తీయగనే కన్నులను మండించునది అదియే. కావున తడిని పీల్చుట పఱపునకు సగము గుణమే. పీల్చిన తడిని మరునాటి యెండకును గాలికిని విడిచిపెట్టుట తక్కిన సగము, నా దృష్టిలో పెద్ద సగము.

ఒక్క ఊకరేకును అరచేతిలో నుంచుకొని చూడుడు. చిన్న దొన్నెవలె వంగి, వీపున గీతలు తేరి, గరుకుగ నుండును. దాని బరువులో ఇంచుమించు అయిదవ వంతు కాల్చిన పిదప బూడిదగ మిగులును. ఆ బూడిదలో అధికభాగము ఇసుకకు మూలమైన సిలికాయే. అందుచేతనే ఊక త్వరగ క్రుళ్ళదు, నలగదు. లక్షల దొన్నెలు ఒకదానిపై నొకటి పడినను చాపవలె అట్టకట్టక, నడుమ గాలి యాడుటకు సందు విడుచును. వడ్ల బరువులోను అయిదవ పాలు ఊకయే గనుక, 75 కిలోల బస్తా మరాడించినచో 15 కిలోల ఊక వచ్చును; డెల్టాలో దీనికి కఱవు లేదు. అయితే మిల్లును ఎఱిగి తేవలెను. రబ్బరు రోలర్ల మిల్లులో ఊక విడిగ, గుల్లగ వచ్చును. పాతకాలపు హల్లరు మిల్లులో నలిగి తవుడుతో కలిసి వచ్చును. తవుడు కలిసినది పురుగును బూజును పిలుచుకొనును. అది మేతలోనికే గాని పఱపునకు తగదు.

వరి పండని సీమలవారు చింతింపనక్కఱలేదు. అనంతపురము వైపు వేరుశనగ పొట్టు ఊకకు తోబుట్టువు వంటిది. బాగుగ ఎండినదై యుండవలెను, తడి తగిలినచో విషపుబూజు పట్టుట దాని దోషము. కోనసీమలోని కొబ్బరి పొట్టు తన బరువునకు పెక్కుమడుగుల నీరు పీల్చును గాని, పీల్చినది వదలదు. వానకాలమున దానిని నమ్మరాదు. చెఱకుపిప్పిలో మిగిలిన తీపి పులిసి బూజెక్కును. వరిగడ్డిని కోయక వేసినచో పేటులు గట్టి అడుగున మురుగును. అంగుళము రెండంగుళముల ముక్కలుగ కోసి, ఊకలో కలిపి వేసికొనవచ్చును.

రంపపుపొట్టు విషయమున నాకొక దుఃఖము కలదు. ఒక యేడు ఊక అందక, కఱ్ఱకోత మిల్లునుండి సన్నని పొట్టు తెచ్చి, ఇంకను మేత ఎఱుగని ఒకనాటి కోడిపిల్లల క్రింద పఱచితిని. అవి దానిని నూకలని భ్రమించి తిన్నవి. మఱునాటికి మెడ క్రింది మేతసంచులు గట్టిపడి, తొమ్మిదింటిలో మూడు పోయినవి. తప్పు పొట్టుది కాదు, నాది. మొదటి నాలుగైదు దినములు పఱపుపై వార్తాపత్రికలు పొరలుగ పఱచి, వానిపై నూకలు చల్లి, దినమున కొక పొర తీసివేయుచు, మేత యేదియో పిల్లలకు తెలిసిన పిమ్మట పఱపును చూపవలెనని నాడు నేర్చుకొంటిని.

పఱపు మొదలుపెట్టుటకు సంక్రాంతికిని ఉగాదికిని నడిమి కాలము శ్రేష్ఠము. కొత్తవడ్లు మరకు వెళ్ళును, ఊక ఎండి యుండును, తొలకరి పడులోపల పఱపు మాగుటకు వ్యవధి దొరకును. వానలలో ప్రారంభించినది బురదయగును. నేల పెరటికంటె జానెడెత్తుండవలెను. అలికిన తడి ఆఱకుండ ఊక పోయరాదు. పిల్లలకు 2 అంగుళములు చాలును. పెద్ద కోళ్ళకు 3 అంగుళములతో మొదలిడి, పైపైని వేయుచు వానకాలమునకు 6 అంగుళములు చేయవలెను. పక్షికి 2 చదరపు అడుగులకు తక్కువైనచో ఏ ఊకయు ఆ రెట్టను మోయలేదు. వారమున కొకటి రెండు మారులు తిరుగవేయవలెను. ఆ పనిలో అధికభాగము కోళ్ళే చేయును, సాయంకాలమున గుప్పెడు చోళ్ళో జొన్నలో పఱపులో చల్లినచో చాలును. నీటిమూకుడును ఇటుకపై నెక్కించి, దాని చుట్టు తడిసిన ఊకను మాత్రము ప్రతిదినము తీసి పాఱవేయవలెను.

పఱపు స్థితిని చేయి చెప్పును. వ్రేళ్ళు జొనిపి అడుగునుండి పిడికెడు తీసి, గట్టిగ పిసికి, గుప్పిలి విప్పుడు. ముద్దగ నిలిచినచో తడి మిక్కుటము. వ్రేళ్ళ సందున జారి దుమ్ము లేచినచో తడి చాలదు. ఒక్క క్షణము నిలిచి మెల్లగ విచ్చినచో సరి. పిదప మోకాళ్ళపై కూర్చుండి, కోడి ముక్కెత్తున గాలి పీల్చుడు. నిలుచున్న మనిషికి తెలియని ఘాటు అక్కడ తెలియును, ఆ యెత్తుననే ఆ ప్రాణి రాత్రియెల్ల ఊపిరి తీయుచున్నది. ఘాటు తగిలినచో గాలికి దారి చేసి, ఎండిన ఊక కలుపవలెను. సున్నము చల్లువారు కలరు. అది తడిని లాగును గాని, చల్లిన వెంటనే వాయువును మఱింత లేపును, కావున పక్షులను బయటికి తోలి చల్లవలెను.

బాగుగ మాగిన పఱపు మట్టివాసన వేయును. ఊకలోని కర్బనమును రెట్టలోని నత్రజనిని తిని సూక్ష్మజీవులు లోపల వెచ్చగ పనిచేయుచుండును. 1948లో శాస్త్రజ్ఞులు వేఱుపఱచిన బి12 విటమినును సయితము ఇట్టి జీవులే తయారుచేయును. పఱపును గీరి తిను కోడికి అందులో కొంత దక్కును. ఏడాది తిరిగిన పిదప దీనిని ఎత్తి, పచ్చిగ వేసినచో కోడియెరువు వేడి మొక్కల వేళ్ళను మాడ్చును గనుక, నీడను కుప్పవేసి నాలుగు నెలలు మాగనిచ్చి, వంగమడికో ఆనపపాదుకో వేసికొనవలెను.

పఱపు ఎత్తునాడు అంతయు ఊడ్చివేయుట చాలమంది చేయు పొరపాటు. మంద ఆరోగ్యముగ నున్న యేడు పాతపఱపునుండి ఒక గంపెడు ఎండినది విడిచి, కొత్త ఊకలో కలుపవలెను, పాలలో తోడు వేసినట్లు. కొక్కెర తెగులో రక్తపారుడో వచ్చి పోయిన యేడు మాత్రము తోడు వలదు. అంతయు తీసి, గోడలకు సున్నము కొట్టి, నేలను ఎండకు విడిచి, ఎన్నాళ్ళయినను ఓర్చి, కొత్త ఊకతో మొదలుపెట్టవలెను.