సిండరెల్లా కోట ముందు ఒక బెంచీ

కథ చదివి బాగులేదంటాం. సినిమా చూసి సాగదీశారంటాం. కచేరీకి వెళ్ళొచ్చి గొంతు పలకలేదంటాం. డబ్బిచ్చి చూసిన దాని మీద మనకో అభిప్రాయం ఉండడం న్యాయమే. కానీ ఇంటిల్లిపాదీ కలిసి వెళ్ళి, ఏడాది పొడుగునా కూడబెట్టింది నాలుగు రోజుల్లో ఖర్చుపెట్టి చూసొచ్చే వినోదం మీద మాత్రం ఎవరూ విమర్శ రాయరెందుకో! “ఎలా ఉంది?” అంటే, “అబ్బో, చూసి తీరాలి” అంటారు, అరికాళ్ళకి అమృతాంజనం రాసుకుంటూ.

నేను చెబుతున్నది అమెరికాలో, ఫ్లోరిడా రాష్ట్రంలో, ఆర్లాండో దగ్గరున్న వాల్ట్ డిస్నీ వరల్డ్ సంగతి. ఇదివరకు కాశీ వెళ్ళొచ్చిన వాళ్ళని గంగాస్నానం గురించి అడిగినట్టు, ఇప్పుడు పిల్లల దగ్గరికి అమెరికా వెళ్ళొచ్చిన వాళ్ళని “డిస్నీ చూశారా?” అని అడుగుతున్నారు. అట్లాంటాలోనో న్యూజెర్సీలోనో ఉన్న అమ్మాయి, అమ్మానాన్నలు వచ్చిన వేసవిలోనే ఈ ప్రయాణం పెట్టుకుంటుంది. పిల్లల బడికి సెలవలూ అప్పుడే కదా! కాబట్టి ఇది మన ఇళ్ళ ముచ్చట కూడాను.

ముందు ఈ వినోదం ఎలా పుట్టిందో చెప్పుకోవాలి. వాల్ట్ డిస్నీకి ఇద్దరు కూతుళ్ళు. శనివారాలు వాళ్ళని షికారు తీసుకెళ్ళేవాడు. లాస్ ఏంజిలిస్‌లో గ్రిఫిత్ పార్కులో పిల్లలు రంగులరాట్నం ఎక్కి తిరుగుతుంటే, తను బెంచీ మీద కూర్చుని వేరుశెనగకాయలు తింటూ ఉండేవాడట. పెద్దవాళ్ళూ పిల్లలూ కలిసి సరదాపడే చోటు ఒకటుంటే బావుండునని అప్పుడు తోచిందని ఆయనే చెప్పుకున్నాడు. ఆ ఊహే 1955 జూలై 17న కాలిఫోర్నియాలో డిస్నీలాండ్ అయింది. తరవాత ఫ్లోరిడాలో, ధరలు పెరిగిపోకుండా వేరే వేరే కంపెనీల పేర్లతో గుట్టుగా, వేల ఎకరాలు కొన్నారు. 1966లో వాల్ట్ పోయాడు. అన్నగారు రాయ్ ఆ భారం నెత్తిన వేసుకుని, 1971 అక్టోబరు 1న తమ్ముడి పేరు పెట్టి తెరిపించాడు. ఆ డిసెంబరులోనే తనూ కన్నుమూశాడు. ఇవాళ అది సుమారు నలభై చదరపు మైళ్ళ రాజ్యం. అందులో నాలుగు పెద్ద పార్కులు, లెక్కకు మించిన హోటళ్ళు.

ఏ మాటకామాటే చెప్పుకోవాలి. పనితనం గొప్పది. మ్యాజిక్ కింగ్‌డమ్ మధ్య నిలబెట్టిన సిండరెల్లా కోట ఎత్తు 189 అడుగులే. అయినా ఆకాశాన్నంటినట్టు కనిపిస్తుంది. పైకి పోయేకొద్దీ ఇటుకలూ కిటికీలూ చిన్నవి చేసుకుంటూ పోయారు. కంటికి దూరం ఎక్కువనిపిస్తుంది. అంతకన్నా తమాషా ఏమిటంటే, మనం నడిచే వీధి నిజానికి మేడమీది అంతస్తు. కింద పనివాళ్ళు తిరిగే దారులున్నాయి. వేషం కట్టేవాళ్ళు, చెత్త ఎత్తేవాళ్ళు, సరుకులు మోసేవాళ్ళు ఆ కిందదారినే వెళ్ళి, ఎక్కడ కావాలో అక్కడ పైకి తేలతారు. మన నాటకాల్లో తెర వెనక చోటుని నేపథ్యం అంటారే, అదన్నమాట. పైనున్న వాళ్ళకి చెమట కనిపించదు, ఆనందమే కనిపిస్తుంది.

ఇంతవరకూ కంపెనీ వారు రాసిన నాటకం. దీనికి తోడు ప్రతి కుటుంబమూ ఇంట్లో రాసుకునే నాటకం ఇంకొకటుంది. దాని పేరు ప్లాను. నా విమర్శంతా దాని మీదే.

1971లో ఈ ప్లాను పెద్ద పనేం కాదు. గేటు దగ్గర పెద్దవాళ్ళకి మూడున్నర డాలర్లు. లోపల ఆటలకి ‘ఏ’ నుంచి ‘ఇ’ దాకా అక్షరాలున్న కూపన్ల పుస్తకం. మంచి ఆటలకి ‘ఇ’ చీటీ చింపివ్వాలి. చీటీలు అయిపోతే ఇంటిముఖం పట్టడమే. పేద పద్ధతే గాని, పిల్లవాడికి కూడా లెక్క తెలిసేది. 1982లో ఆ చీటీలు పోయి, ఒకే టిక్కెట్టుతో అన్నీ చూడొచ్చన్నారు. అన్నీ చూడొచ్చు అన్నప్పటి నుంచే అన్నీ చూసి తీరాలన్న రోగం పట్టుకుంది. 1999లో క్యూ తప్పించే చీటీ ఉచితంగా వచ్చింది. 2021లో దానికి డబ్బు కట్టమన్నారు. 2024 జూలైలో వచ్చిన పద్ధతి ప్రకారం వాళ్ళ హోటల్లో దిగేవాళ్ళు ఏడు రోజుల ముందు, బయట దిగేవాళ్ళు మూడు రోజుల ముందు, పొద్దున్న ఏడింటికి ఫోను పట్టుకుని ఏ ఆట ఏ గంటకో ఖాయం చేసుకోవాలి. పేరున్న భోజనశాలల్లో బల్ల కావాలంటే అరవై రోజుల ముందే. 2025 క్రిస్మస్ రోజుల్లో మ్యాజిక్ కింగ్‌డమ్‌లో ఒక్కరోజు టిక్కెట్టే 199 డాలర్లు. పదేళ్ళు నిండిన పిల్లాడు అక్కడ పెద్దవాడి కిందే లెక్క.

దీనికి గైడు పుస్తకాలున్నాయి. 1980ల నాటి నుంచి కొత్త కూర్పులతో వస్తున్న ‘అనఫీషియల్ గైడ్’ దిండుకి బదులు పెట్టుకునేంత లావు. గేటు తియ్యకముందే వెళ్ళి నిలబడండి, ముందు ఈ ఆట, తరవాత ఆ ఆట అని క్రమం రాసి చేతిలో పెడుతుంది. క్యూల మీద అంత కష్టపడి లెక్కలు కట్టిన వాళ్ళని మెచ్చుకోవాల్సిందే. మధ్యాహ్నం గదికి వెళ్ళిపోయి విశ్రాంతి తీసుకోండని కూడా అందులో సలహా ఉంది. నన్నడిగితే ఆ పుస్తకం మొత్తంలో గొప్ప మాట అదే. మనవాళ్ళు దాటేసి చదివే మాటా అదే. “ఇంత డబ్బు పోసి నిద్రపోవడానికా వచ్చాం?” అంటారు.

సరే, ఈ ప్లాను రాసేది ఎవరు?

“ఏవండీ, ఏ రోజు ఏ పార్కు పెట్టుకుందాం?”

“నీ ఇష్టం. ఇలాంటివి నువ్వు బాగా చేస్తావుగా!”

చూశారా, ఈ మెచ్చుకోలు! పోపు పెట్టడం దగ్గర్నుంచి పెళ్ళి మాటల దాకా ఈ ఒక్క మెచ్చుకోలుతోనే మన చేత చేయిస్తున్నారు. అత్తగారికి మోకాళ్ళ నొప్పి, చక్రాల కుర్చీ అద్దెకి చూడాలి. మామగారు ఉల్లిపాయ కూడా ముట్టరు. పెద్దవాడు స్పేస్ మౌంటెన్ ఎక్కుతానంటాడు. చిన్నదానికి ఆ ఆటకి కావలసిన 44 అంగుళాల ఎత్తు లేదు, అక్కడ ఏడుస్తుంది. సాయంత్రం వాన పడుతుంది, కోట్లు సర్దాలి. ఇవన్నీ ఒకే తలకాయలో తిరుగుతుంటాయి. మిగతా అందరూ పైన వీధిలో బాణాసంచా చూస్తారు. ఆవిడ మాత్రం కిందదారిలో ఉంటుంది. పనివాళ్ళ దారిని అంత నేర్పుగా దాచిపెట్టిన చోటుకి వెళ్ళి, మనమూ మన ఇంటి నేపథ్యంలో అమ్మను దాచిపెట్టాం.

ఎదురుగా ఉన్నది ఎవరి కోట? ఇంటెడు చాకిరీ చేసి, ఆ తరవాతే విందుకి వెళ్ళమన్న సిండరెల్లాది. ఆవిడకి పన్నెండు గంటల దాకా గడువైనా ఇచ్చారు. గడియారం చూసుకోకుండా నాట్యం చేసిన ఆ కాసేపే ఆ కథకి ప్రాణం. ఆ కోట ముందు నిలబడి, చేతిలో గడియారం, సంచీలో నీళ్ళసీసాలు, “పదండి, పదండి, టైమైపోతోంది” అనే అమ్మలే కథ తెలియనట్టు ప్రవర్తిస్తున్నారు.

మ్యాజిక్ కింగ్‌డమ్‌లోనే ‘కరౌసెల్ ఆఫ్ ప్రోగ్రెస్’ అని ఒక పాత ఆట ఉంది. 1964లో న్యూయార్కు ప్రదర్శనకి తయారై, 1975 నుంచి ఇక్కడ ఆడుతోంది. రంగస్థలం కదలదు, మనం కూర్చున్న వరసలే తిరుగుతాయి. ఒక సంసారంలో కరెంటు వచ్చాక ఇంటిపని ఎలా తేలికైందో నాలుగు అంకాల్లో మరబొమ్మలు చెబుతాయి. 1993లో మార్చిన ఆఖరి అంకంలో మాట వినే పొయ్యి కూడా వచ్చేసింది. వంట తండ్రి చేతికొచ్చింది. పక్షి కూర మాడింది! యంత్రాలొచ్చినా, వంటింట్లో మనుషులు మారినా, ఇంటిపని అంత సులభంగా మాయం కాదని తెలియకుండానే ఒప్పుకున్నట్టుంది ఈ నాటకం. కుర్రవాళ్ళు దీన్ని లెక్కచెయ్యరు. నేనైతే మార్కులు వేస్తాను. పైగా కూర్చుని చూడొచ్చు.

పెద్దవాళ్ళకి నచ్చేవి ఇలాంటివే. పార్కు చుట్టూ తిరిగే ఆవిరి రైలు, పడవలు, పులులు. యానిమల్ కింగ్‌డమ్‌లో ఆసియా భాగానికి ‘ఆనందపూర్’ అని పేరు పెట్టారు. విశాఖపట్నం పక్కనున్న మన ఆనందపురానికి ఈ సంగతి తెలుసో లేదో! ఎప్‌కాట్‌లో పదకొండు దేశాలకి వీధి కట్టి ఇండియాని వదిలేశారు గనక, ఇక్కడి పాత కోట గోడల మధ్య పులిని చూస్తుంటే మామగారికి కాస్త ఊరట.

విమర్శించి ఊరుకుంటే సరిపోదు. నా సవరణలు ఇవీ. ఇంట్లో అందరూ తలా ఒక్క కోరిక కాయితం మీద రాయాలి, అమ్మ కూడా. అవి తీరితే యాత్ర ఫలించినట్టే, మిగతాది కొసరు. పొద్దున్న ఏడింటికి ఫోను పట్టుకోవడం శ్రీవారి వంతు. మధ్యాహ్నం ఒంటిగంట నుంచి నాలుగింటి దాకా ప్లానులో ఏమీ రాయకూడదు. ఫ్లోరిడా వేసవిలో ఎండా, ఉరుములవానా కూడా ఆ సాయంత్రం పూటకే వస్తాయి. తిండి వెంట తీసుకెళ్ళనిస్తారు, పులిహోర భేషుగ్గా పనికొస్తుంది. కలిపిన వాళ్ళే మొయ్యాలని మాత్రం రూలు లేదు. చిన్నపిల్లతో ఒకరు బయట ఆగిపోతే, రెండోవారు దిగాక మళ్ళీ పెద్ద క్యూ లేకుండా ఎక్కనిచ్చే ఏర్పాటు ఉంది. ఆ రెండో వంతు అమ్మ వదులుకోకూడదు.

ఇక తీర్పు. నాటకం గొప్పది, ఖరీదు ఎక్కువ, ఆడించేవారు సమర్థులు. లోపం ఒక్కటే. తండ్రిని బెంచీ మీంచి లేపి పిల్లలతో ఆడించాలని మొదలుపెట్టిన పని, చివరికి తల్లికి బెంచీయే లేకుండా చేసింది. అది కట్టినవాళ్ళ తప్పు సగమే. కోట ముందు బెంచీలు ఉన్నాయి. మన ప్లానులోనే లేవు. మీ అమ్మాయి ఈ వేసవికి కాయితం ముందేసుకుని కూర్చున్నప్పుడు ఫోన్లో ఆ సంగతొకటి చెప్పండి.