ప్రేమకవితకు వచనమే మర్యాద

ఇంగ్లీషు ప్రేమకవితల్ని ఫ్రెంచిలోకి మార్చడం నాకు చాలాకాలంగా ఉన్న పిచ్చి. అన్నోజిగూడలో మా కాలనీవాళ్లు "రెండూ మనవి కావు గదా సార్, నడుమ మీకేం పని?" అని అడుగుతుంటారు. సూటి ప్రశ్నే. రెండూ మనవి కాకపోవడంలోనే ఉంది లాభం. తెలుగులోకి మారుస్తుంటే చెవి ముందే తీర్పు చెప్పేస్తుంది, చేయి దాని వెంట పోతుంది. ఫ్రెంచిలో నాకా ధీమా లేదు. ప్రతి పాదం దగ్గరా ఆగి లెక్క చూసుకోవాల్సిందే.

ఆ లెక్క దగ్గరే పేచీ. ఇంగ్లీషు పద్యం ఊనిక మీద నడుస్తుంది: ఒక అక్షరం తేలిక, తర్వాతిది బరువు. ఫ్రెంచిలో ఆ ఊనిక దాదాపుగా పదబంధం చివరనే పడుతుంది కాబట్టి వాళ్లు అక్షరాలు లెక్కపెడతారు. వాళ్లు నెత్తిన పెట్టుకునే అలెగ్జాండ్రిన్‌లో పాదానికి 12, ఆరో అక్షరం తర్వాత విరుపు. షేక్‌స్పియర్ సానెట్ పాదానికి మామూలుగా 10. రెండు ఎక్కువొచ్చాయి గదా అని సంబరపడితే పప్పులో కాలేసినట్టే. ఇంగ్లీషులో పొట్టి మాటలు కిక్కిరిసి ఉంటాయి. ఫ్రెంచిలో ఆర్టికల్సూ ప్రిపొజిషన్లూ చేరేసరికి ఆ చోటు చాలదు. పైగా ప్రాస కోసం ఇంకో మాట అతికించామా, ప్రేమ పోయి ఉపన్యాసం మిగులుతుంది.

లింగం ఇంకో తలనొప్పి. షేక్‌స్పియర్ 154 సానెట్లలో మొదటి 126 ఒక యువకుణ్ని ఉద్దేశించినవని పండితులు సాధారణంగా చెబుతారు. విడిగా చదివితే మాత్రం ఎదుటిది ఆడో మగో చాలావాటిలో తేలదు. ఇంగ్లీషు విశేషణానికి ఆ పట్టింపు లేదు. ఫ్రెంచి విశేషణం ఏదో ఒకటి తేల్చేదాకా వదలదు. కవి దాచినదాన్ని వ్యాకరణం లాగేస్తుంది.

అందుకే అక్కడి ఘనులు కొందరు వచనంలోకి దిగారు. విక్టర్ హ్యూగో కొడుకు ఫ్రాన్స్వా-విక్టర్ 1857లో ఆ సానెట్లను వచనంగా ఇచ్చాడు. మల్లార్మే సంగతి మరీ చిత్రం. ఆయన బతికింది ఇంగ్లీషు మాస్టారుగా. ఆ భాష నేర్చింది ఎడ్గార్ పోను బాగా చదువుకోవడానికేనని వెర్లేన్‌కు ఉత్తరం రాశాడు. ఛందస్సంటే ప్రాణం పెట్టే కవి. అయినా 1888లో పుస్తకంగా వచ్చిన పో అనువాదాల్లో, చనిపోయిన ప్రియురాలి మీద పాటలా సాగే 'అనబెల్ లీ'ని వచనంలోనే ఉంచాడు. దాన్ని ఓటమి అనేవాళ్లతో నేను ఏకీభవించను. పాట ఎలాగూ రాదని తెలిసినవాడు పాటగా నటించలేదు, అంతే.

మన రాయప్రోలు సుబ్బారావు వేరే దారి పట్టారు. గోల్డ్‌స్మిత్ 'హెర్మిట్' ఆధారంగా 1909లో 'లలిత' రాశారు. మన ఛందస్సుకు గురులఘువులే దిక్కు, ఇంగ్లీషు ఊనిక దానికీ లొంగదు. ఆయన దాని జోలికి పోలేదు. కథ తెచ్చుకుని మన పద్యంలో తన కథగా చెప్పుకున్నారు. 1912లో 'తృణకంకణం' వచ్చేనాటికి ఆ ఆసరా కూడా అక్కర్లేకపోయింది. అమలిన శృంగారం ఆయన పేరు మీదే నిలిచింది. మేం ఉప్పల్ దాటితే వచ్చే ఉస్మానియాలోనే తర్వాత ఆయన తెలుగు ఆచార్యులు. అనుసరణకు అంతటి కవి కావాలి. నాబోటివాడికి వచనం చాలు.

ఆ పక్కనే తార్నాకలో ఇఫ్లూ. 1958లో ఇంగ్లీషు కోసం పెట్టిన సంస్థ. 1972లో విదేశీ భాషలు కూడా పేరులో చేరాయి. అక్కడ ఫ్రెంచి చదివే తెలుగు పిల్లలకు నా మనవి ఒకటే: క్షేత్రయ్య పదాల్ని ఇంగ్లీషు మీదుగా కాకుండా నేరుగా ఫ్రెంచిలోకి తీసుకెళ్లండి. ముందు వచనంలో చేయండి, ప్రాస సంగతి తర్వాత చూసుకోవచ్చు.