జవాబు ఒక్కటే చాలదు

లెక్కల పరీక్షలో సోపానాలు వదిలేసి జవాబు ఒక్కటే రాస్తే మాస్టారు పూర్తి మార్కులు వేయరు. మరి పత్రికలో 'ఇంత శాతం' అని అచ్చయినప్పుడు మనం సోపానాలు అడుగుతున్నామా?

అంకెలను సేకరించి, విశ్లేషించి వార్తలు రాసేవారిని డేటా జర్నలిస్టులు అంటారు. వీరిలో చాలామంది పారదర్శకతను వృత్తిధర్మంగా భావిస్తారు. అంటే వార్తతోపాటు దత్తాంశాలు, లెక్కగట్టిన పద్ధతి, కంప్యూటర్ ప్రోగ్రాం కూడా పాఠకుల ముందు పెట్టడం. దీనివల్ల లాభమేమిటో ఒక ప్రసిద్ధ కథనాన్ని తీసుకుని చూద్దాం.

అమెరికాలోని ప్రోపబ్లికా అనే వార్తాసంస్థ 2016 మే నెలలో 'మెషిన్ బయాస్' కథనాన్ని ప్రచురించింది. నిందితుడు మళ్ళీ నేరం చేసే అవకాశం ఎంతో 1 నుంచి 10 వరకు అంకె వేసి చెప్పే 'కంపాస్' సాఫ్ట్‌వేర్ గురించిన కథనమది. అంకె ఏ సూత్రంతో వేస్తారో దాన్ని తయారుచేసిన నార్త్‌పాయింట్ కంపెనీ వెల్లడించలేదు. విలేఖరులు ఫ్లోరిడా రాష్ట్రం బ్రోవార్డ్ కౌంటీలో 2013, 2014లలో అరెస్టయిన 7,000 మందికి పైగా నిందితుల అంకెలు సంపాదించారు. తర్వాతి రెండేళ్ళలో వారిపై కొత్త కేసులు వచ్చాయేమో పరిశీలించారు. కొత్త కేసులు లేని నల్లజాతివారిలో 44.9 శాతం మందికి, శ్వేతజాతివారిలో 23.5 శాతం మందికి 'ప్రమాదం ఎక్కువ' అనే ముద్ర అన్యాయంగా పడిందని తేల్చారు.

కంపెనీ అంగీకరించలేదు. ముద్ర పడినవారిలో ఎందరు మళ్ళీ కేసుల్లో చిక్కారో చూడాలని వాదించింది. అలా చూస్తే నల్లజాతివారిలో 63 శాతం, శ్వేతజాతివారిలో 59 శాతం. పెద్ద తేడా లేదు!

ఎవరి లెక్క తప్పు? రెండూ ఒప్పే. గమనించారా, ఇక్కడ మారింది హారం. మొదటి లెక్కలో హారం కొత్త కేసులు లేనివారు. రెండో లెక్కలో ముద్ర పడినవారు. రెండు వర్గాల్లో మళ్ళీ కేసుల్లో చిక్కేవారి నిష్పత్తి వేరుగా ఉన్నప్పుడు, పొరపాట్లు చేసే ఏ అంచనా పద్ధతీ ఈ రెండు రకాల సమానత్వాన్నీ పూర్తిగా సాధించలేదని గణితవేత్తలు తర్వాత నిరూపించారు.

ప్రోపబ్లికా దత్తాంశాలను దాచుకుని ఉంటే ఈ చర్చ ఇంత దూరం సాగేదా? అంతేకాదు, రెండేళ్ళ గడువును అమలుచేయడంలో ఆ సంస్థ చేసిన పొరపాటును కూడా 2019లో ఒక పరిశోధకుడు అవే దత్తాంశాలతో పట్టుకున్నాడు. మళ్ళీ కేసుల్లో చిక్కినవారు 45 శాతం కాదు, సుమారు 36 శాతమేనని చూపాడు. తప్పు దొరకడం పారదర్శకతకు ఓటమి కాదు. విజ్ఞానశాస్త్రం ఎదిగేది ఈ దారిలోనే.

అయితే ఒక లోపం చెప్పక తప్పదు. బయటపెట్టిన ఫైళ్ళలో నిందితుల పేర్లు, పుట్టిన తేదీలు కూడా ఉన్నాయి. అవి ప్రభుత్వ రికార్డుల్లో ఉన్నవే కావచ్చు. కానీ లెక్క సరిచూడటానికి పేరుతో పనేమిటి? విలేఖరి తన పని తెరిచి చూపాలి గాని, ఇతరుల బతుకులను కాదు.

రేపు మీరు గోడపత్రిక కోసం తరగతిలో సర్వే చేస్తే ఈ రెండూ గుర్తుంచుకోండి. ఎవరిని అడిగారో, ఏమని అడిగారో, హారం ఏమిటో రాయండి. మిత్రుల పేర్లు మాత్రం తీసేయండి. తప్పు పట్టినవారికి ధన్యవాదాలు చెప్పండి.