“లవ్” అను మాటను గూర్చి



ఇంగ్లీషువారు నిత్యము పలుకు మాటలలో “లవ్” అనునది ఒకటి. దేవుని గూర్చియు, తల్లిని గూర్చియు, పెంపుడు కుక్కను గూర్చియు, మామిడిపండును గూర్చియు వారు ఆ మాటనే వాడుదురు. మన వాడుక అట్టిది కాదు. పండు మనకు ఇష్టము. బంధువులయెడల ఆపేక్ష, గురువునందు అభిమానము, బిడ్డలయెడల వాత్సల్యము, ఆలుమగల నడుమ అనురాగము. మనుమడన్న తాతకు ప్రాణము.

అంత విశాలమైన ఇంగ్లీషు మాట మన యూళ్లకు వచ్చి చిక్కిపోయినది. నర్సీపట్నము చుట్టుపట్ల ఒకడు “లవ్‌లో పడ్డాడు” అని విన్నవారు, వాడు తన తల్లిని ప్రేమించుచున్నాడని తలంపరు. అంతతో ఆగక, ఆ ఇరుకు అర్థము మన “ప్రేమ” అను మాటను కూడ పట్టుకొన్నది. ఆలయములో ప్రేమను గూర్చి బోధించునప్పుడు వెనుక వరుసలోని పిల్లలు తలలు వంచి నవ్వుకొనుట ఇందువలననే.

ఇది నవ్వి విడువదగిన సంగతి కాదు. 2008 డిసెంబరులో వరంగల్లులో ఇద్దరు ఇంజనీరింగు విద్యార్థినులపై యాసిడ్ పోసిరి. వారిలో ఒకరు మరణించిరి. కాదన్న పిల్లపై చేయిచేసుకొనువానికి మన పత్రికలు పెట్టిన పేరు “ప్రేమోన్మాది”. ఉన్మాదమున్నది సరే, అందులో ప్రేమ యెక్కడ? పగకు ఆ పేరు తగిలించుట ఆ పిల్లకును ఆ మాటకును అన్యాయము.

దీనికి విరుగుడుగా మన బోధకులు గ్రీకు మాటలను తెచ్చుచుందురు. 1960లో సి. యస్. లూయిస్ “ది ఫోర్ లవ్స్” అను గ్రంథములో ప్రేమను కుటుంబపు ఆపేక్ష, స్నేహము, స్త్రీపురుషుల అనురాగము, దైవప్రేమ యని నాలుగుగా విభజించెను. మొదటి మూడును దేవుని స్థానము నాక్రమించినచో చెడిపోవునని హెచ్చరించెను. ఇది మేలైన పుస్తకము. అయితే “అగాపె” అన్నచో దైవప్రేమయే, “ఫిలియో” అన్నచో తక్కువదే యని కొందరు బోధించుట సరికాదు. తండ్రి కుమారుని ప్రేమించుటను గూర్చి యోహాను 3:35లో మొదటి మాటకు చెందిన క్రియయు, 5:20లో రెండవదియు ఉన్నవి. లోకమును ప్రేమించి పౌలును విడిచిపోయిన దేమా విషయములో వాడబడినది మొదటిదియే. తామారును చెరచి, వెంటనే ఆమెను ద్వేషించిన అమ్నోను కోరికకును, పాత నిబంధనను గ్రీకులోనికి తర్జుమా చేసినవారు ఆ మాటనే పెట్టిరి.

కాబట్టి గ్రీకు పేరును బట్టియే ప్రేమ పరిశుద్ధము కాదు. యోహాను 21వ అధ్యాయములో ప్రభువు పేతురును ముమ్మారు అడిగెను. పేతురు ఏ మాటతో జవాబిచ్చెనను దానికంటె, ప్రతి జవాబునకు ప్రభువు అప్పగించిన పనిని చూడుడి: మందను మేపవలెను. ఆ పని తన సుఖము కొరకైనది కాదు, ఇతరుల మేలు కొరకైనది.

తలిదండ్రులారా, “లవ్” అను మాట వినగానే బిడ్డలపై మండిపడకుడి. దగ్గర కూర్చుండబెట్టుకొని రెండు ప్రశ్నలు నేర్పుడి. ఆ మనుష్యుడు నీ మేలు కోరుచున్నాడా, నిన్నే కోరుచున్నాడా? నీవు కాదన్నయెడల గౌరవముతో తొలగిపోవునా? కుమార్తెలకు నేర్పునంత జాగ్రత్తగా ఈ ప్రశ్నలను కుమారులకును నేర్పుడి.