మేకప్ ఒక్క మొహానికేనా?

మేకప్ అనగానే మనకి సినిమాతార మొహం గుర్తొస్తుంది. ఆ మాట మనింటికి రంగూ పౌడరూ పట్టుకునే వచ్చింది మరి! ఇంగ్లీషువాడింట్లో దానికి బోలెడు పనులు. లేని కథ అల్లడం మేకప్పే. పోట్లాడుకున్న ఆలుమగలు మళ్లీ మాట కలపడం మేకప్పే. మందుల చీటీ చూసి మందు కలిపివ్వడం, చుట్టానికి పక్క వెయ్యడం, ఊగిసలాడే మనసుని ఒక నిర్ణయానికి తేవడం - అన్నిటికీ అదే మాట.

మన బజారు గైడ్లు చేసే నిర్వాకం ఏమిటంటే, దీనికెదురుగా "తయారుచేయు, కల్పించు, సమాధానపడు, భర్తీచేయు" అని నాలుగు ముక్కలు గుదిగుచ్చి, ఇక బట్టీపట్టుకో నాయనా అనడం. ఏది ఎక్కడ పనికొస్తుందో చెప్పవు. "హి మేడప్ ద హోల్ స్టోరీ" అని పరీక్షలో వస్తే, కుర్రాడు మొదటి ముక్కే నమ్ముకుని "అతడు కథంతా తయారుచేశాడు" అని రాస్తాడు. పంతులుగారు సగం మార్కులైనా వేస్తారేమో! కాని ఆ వాక్యం అనేది, వాడు చెప్పిందంతా పచ్చి అబద్ధమని. ఇదే వాక్యాన్ని కోర్టులో సాక్షి నోట విని ఎవరైనా ఇలాగే తెలుగుచేస్తే, నిందకాస్తా మెచ్చుకోలుగా మారి కూర్చుంటుంది.

నన్నడిగితే కీలకం పక్కమాటలో ఉంది. కథ పక్కనుంటే కల్పన, మనసు పక్కనుంటే నిర్ణయం. వెనకాల 'ఫర్' చేరితే పోయినదాన్ని పూడ్చడం, 'విత్' చేరితే రాజీపడడం, 'టు' చేరితే కాకాపట్టడం. పైగా 'ఇట్' వచ్చిందంటే మధ్యలో దూరాలి - 'మేక్ ఇటప్' అనాలి గాని 'మేకప్ ఇట్' అనకూడదు. ఈ సంగతి చెప్పిన గైడు నా కంటపడలేదు.

ఇదేం వింత అనుకోకండి. మన 'పెట్టు' మాటేమిటి? ముగ్గు పెడతాం, ఆవకాయ పెడతాం, పిల్లకి పేరు పెడతాం, అల్లుడు పేచీ పెడతాడు, దొంగ పరుగు పెడతాడు. పసివాళ్లకి దీని అర్థాల జాబితా ఎవరిచ్చారు? వాక్యాలు విని విని పట్టేశారు. ఇంగ్లీషు క్రియలకి ఇలా తోకలు తగిలించడం పరదేశీయులకి మహా కష్టమని 1755లో శామ్యూల్ జాన్సన్ తన నిఘంటువు పీఠికలోనే చెప్పాడు. చెప్పి ఊరుకోక, నిఘంటువులో మాటమాటకీ గ్రంథాలనుంచి వాక్యాలు తెచ్చి చూపించాడు.

మన గైడ్లు కూడా అర్థానికో వాక్యం ఇవ్వచ్చు కదా! పేజీలు పెరుగుతాయంటారా? పెరగనివ్వండి. ధర పెంచడానికి వాళ్లెప్పుడు మొహమాటపడ్డారు గనక!