‘ఇష్టం లేదు’ అన్నది కారణం కాదా?

చలం ‘మైదానం’ (1927) గురించి మాట్లాడేటప్పుడు మన విమర్శలో ఒక లెక్క తరచూ కనిపిస్తుంది. రాజేశ్వరి అంటే సహజాతం, ఆమె వదిలి వెళ్ళిన ఇల్లు అంటే వివేకం. మెచ్చుకునేవాళ్ళూ తిట్టేవాళ్ళూ కూడా ఈ లెక్కను ఒప్పుకునే వాదిస్తారు. నా అభ్యంతరం అక్కడే.

ఈ పంపకం చలంతో మొదలైంది కాదు. స్త్రీలు చెడుకి దూరంగా ఉండేది అది అన్యాయమని కాదు, అందవికారమనే అని కాంట్ 1764లో రాశాడు. సూత్రం మగవాడికి, అభిరుచి ఆడదానికి అన్నమాట. అంతకు పాతికేళ్ళ ముందే హ్యూమ్ బుద్ధిని ఉద్వేగాలకు బానిసను చేశాడు. కానీ ఉద్వేగానికి పెద్దపీట వేసినంత మాత్రాన స్త్రీకి పీట దక్కలేదు. తత్వశాస్త్రంలో ‘వివేకం’ అనే ఆదర్శమే స్త్రీత్వాన్ని బయట నిలబెట్టి తయారైందని జెనీవీవ్ లాయిడ్ 1984లో చూపించింది.

సికింద్రాబాద్‌లో నేను చెప్పే ఎం.ఏ. క్లాసులో ఈ చర్చ వచ్చినప్పుడు ఒకమ్మాయి అంది: “పెళ్ళిచూపులయ్యాక నాకిష్టం లేదన్నాను మేడమ్. కారణం చెప్పమన్నారు. ఇష్టం లేకపోవడం కారణం కాదట.” అదే మాట అబ్బాయి అంటే సంబంధం అక్కడితో ఆగిపోతుంది. అంటే ఏది కారణమో తేల్చే అధికారం ఎవరిదన్నదే అసలు ప్రశ్న.

ఇప్పుడు మళ్ళీ నవల చదవండి. వాదించడం వృత్తిగా ఉన్నవాడు రాజేశ్వరి భర్త. కానీ పుస్తకమంతా వాదించేది రాజేశ్వరే. తన కథ తనే చెబుతూ, మనకు రాబోయే అభ్యంతరాలను ముందే పట్టుకుని జవాబిస్తుంది. దీన్ని వివేకం అనకపోతే మరేమంటాం?

అలాగని సహజాతానికి హారతి పట్టలేను. రాజేశ్వరి గర్భవతి అయినప్పుడు అమీర్‌కి బిడ్డ అక్కర్లేదు. అతనిదీ సహజమైన కోరికే. మైదానంలో గోడలు లేకపోయినా, ఎవరి కోరిక నెగ్గాలన్న ప్రశ్న ఉంది. ఆ ప్రశ్న అడగడానికి ఆలోచన కావాలి. ఓల్గా ‘స్వేచ్ఛ’ (1987)లో అరుణ చేసిన పని అదే. కానీ అరుణ ఆలోచన కూడా ఇంట్లో ఊపిరాడకపోవడం నుంచే మొదలైంది.

‘ఇష్టం లేదు’ అన్నది ఆలోచనకు వ్యతిరేకం కాదు, దాని మొదటి వాక్యం. తర్వాతి వాక్యాలు మేం రాసుకుంటాం. మొదటిదాన్ని కొట్టేసి రమ్మనడమే మనం ఒప్పుకోకూడనిది.