గీకిన ముఖాలూ, మిగిలిన సరస్సూ

మతచిత్రం గురించి అభ్యుదయ పత్రికలో రాయడమెందుకని మిత్రులు అడగవచ్చు. పదిహేనేళ్ల కిందట నేనూ అలాగే అడిగేవాణ్ణి. మతం కోసం వేసిన బొమ్మ పాలకవర్గానికి ఊడిగమేనని సాహిత్య సభల్లో గట్టిగా వాదించేవాణ్ణి. ఆ తీర్పు తొందరపాటుదని నాకు నేర్పింది కోన్‌రాడ్ విట్స్ వేసిన ఒక చిత్రం.

విట్స్ జీవితానికి ఆధారాలు స్వల్పం. జర్మన్ పట్టణమైన రాట్‌వైల్ నుంచి వచ్చి 1434లో బాసెల్ నగరపు వృత్తిసంఘంలో సభ్యుడైనాడు. మరుసటి ఏడు పౌరసత్వం పొందాడు. 1446 నాటికి బతికి లేడు. ఆయనను స్విస్ చిత్రకారుడంటాం గాని, బాసెల్ స్విస్ సమాఖ్యలో చేరింది 1501లోనే. ఆయన పనిచేసిన కాలంలో ఆ నగరంలో చర్చి మహాసభ జరుగుతోంది. ఆ సభే 1439లో సవాయ్ ప్రభువు ఎనిమిదవ అమడియస్‌ను అప్పటి పోపుకు పోటీ పోపుగా ఎన్నుకుంది.

ఆ సవాయ్ నీడలోనే ఉన్న జెనీవాలో, సెయింట్ పీటర్ కెతీడ్రల్ కోసం విట్స్ 1444లో బలిపీఠ చిత్రాలు వేశాడు. చట్రం మీద తన పేరూ, సంవత్సరమూ రాసుకున్నాడు. వాటిలో ఒకటి, పునరుత్థానం తర్వాత క్రీస్తు సరస్సు వద్ద శిష్యులకు కనిపించే యోహాను సువార్త ఘట్టం. కథ గలిలయలోది. కాని చిత్రంలోని నీరు జెనీవా సరస్సుది. వెనక కనిపించేది మోల్ కొండ. ఆ వెనక ఆల్ప్స్ మంచుశిఖరాలు. ఒక ఫలానా చోటును గుర్తుపట్టేలా చూపిన తొలి యూరోపియన్ చిత్రాల్లో ఇదొకటి. క్రీస్తు వైపు వస్తున్న పీటరు కాళ్లు నీటి అడుగున వంకరగా కనిపిస్తాయి. పడవలో వలలాగే మనుషుల నడుముల్లో శ్రమ ఉంది.

ఇంతవరకు చూసి, “మతం పైతొడుగు, వాస్తవికత అసలు సారం” అని మనం సంతోషపడతాం. నేనూ పడ్డాను. అయితే ఆ పచ్చిక బయళ్లలో సవాయ్ పతాకంతో సాగే రౌతులూ ఉన్నారు. సువార్తను సవాయ్ కొండల నడుమ నిలపడంలో అధికారానికి ప్రయోజనం లేదనగలమా? వాస్తవికత దానంతటదే ప్రగతి కాదు. అది ప్రభువుకూ పనికివస్తుంది.

1535లో మతసంస్కరణవాదులు జెనీవా చర్చిలో విగ్రహాలు పగలగొట్టారు. ఈ చిత్రంలోని ముఖాలను గీకేశారు. సరస్సునూ కొండలనూ వదిలేశారు. తర్వాతి కాలంలో మరమ్మతులు జరిగాయి. ఇప్పుడీ చిత్రం జెనీవా మ్యూజియంలో ఉంది.

ఆ గీతల గురించి చదివినప్పుడు నాకు నా విమర్శే గుర్తొచ్చింది. మొదట మతమని మొత్తం చిత్రాన్ని తోసిపుచ్చాను. తర్వాత కొండలను మెచ్చుకుంటూ ముఖాలను గీకేశాను. పీటరును నమ్మినవాడే నీటిలో అతని కాళ్లను అంత శ్రద్ధగా చూశాడు. ప్రభువు పతాకాన్నీ ఆ చేతితోనే వేశాడు. విశ్వాసం, పరిశీలన, అధికారం — ఈ మూడూ ఒకే పలక మీద ఎలా ఇమిడాయో, ఎక్కడ ఒరుసుకున్నాయో చూపడం విమర్శకుడి పని. నచ్చిన భాగాన్ని ఉంచుకొని మిగతాది గీకెయ్యడానికి చాకు చాలు. అందుకు విమర్శ అక్కరలేదు.